కనుచూపు తప్పిన సరుకు: అరిజోనా తుపాకులు, లంకెలపాలెం లారీ

విశాఖపట్నంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎస్సైలకు ఏడాదిలో రెండు మూడు సార్లు క్లాసు చెబుతుంటాను. నా పాఠం ఒకటే, కంట్రోల్డ్ డెలివరీ. దొంగ సరుకు ఎక్కడుందో తెలిసినా వెంటనే పట్టుకోకుండా, దాని వెనకే వెళ్లి అది చేరే మనిషిని పట్టుకోవడం అన్నమాట. నేను సర్వీసులో ఉన్న రోజుల్లో ఎక్కువగా చేసిన పని ఇదే. బాగా దెబ్బతిన్నదీ ఇందులోనే.

క్లాసు మొదట్లో అందరికీ ఒక కాగితం ఇస్తాను. అందులో దేశం పేరు, సంస్థ పేరు ఉండవు. తేదీల వారీగా కొన్ని సంగతులు మాత్రం ఉంటాయి. ఒక్కో తేదీ చదివి, "ఇక్కడ ఆపేసి పట్టుకునేవాళ్లు చెయ్యెత్తండి" అంటాను. మొన్నటి క్లాసులో మొదటి మూడు తేదీలకూ ఒక్క చెయ్యి కూడా లేవలేదు. జనవరి 16 దగ్గరికి వచ్చేసరికి ఒక కుర్రాడు లేచి, "మూడు తుపాకులే కదా సార్. వీటికోసం ఇప్పుడు పట్టేస్తే పైవాడు అలర్ట్ అయిపోతాడు" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. పాతికేళ్ల కిందట అదే బెంచీ మీద కూర్చుని ఉంటే నేనూ ఆ మాటే అనేవాణ్ని.

ఆ మూడు తుపాకుల్లో రెండు పదకొండు నెలల తర్వాత ఒక హత్య జరిగిన చోట దొరికాయి.

ఇది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జరిగిన కేసు. ఆపరేషన్ పేరు ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్. నడిపింది ఏటీఎఫ్ ఫీనిక్స్ విభాగం. తుపాకులు, పేలుడు పదార్థాలు, మద్యం, పొగాకు అక్రమ వ్యాపారాల మీద అక్కడ దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ అది. 2009 అక్టోబర్ ఆఖరున ఒక తుపాకుల దుకాణం నుంచి వాళ్లకు కబురొచ్చింది. నలుగురు కుర్రాళ్లు ఏకే తరహా రైఫిళ్లు వరసపెట్టి కొనుక్కుపోతున్నారని దాని సారాంశం. అవి సరిహద్దు దాటి మెక్సికో డ్రగ్స్ ముఠాల చేతికి పోతున్నాయని అధికారులకు త్వరగానే అర్థమైంది.

మనవాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పకపోతే కేసు తలకెక్కదు. అక్కడ వయసు నిండి, నేరచరిత్ర లేనివాడు దుకాణానికి వెళ్లి రైఫిల్ కొనుక్కోవచ్చు. ఒకేసారి ఇరవై కొన్నా అది నేరం కాదు. ఐదు పనిదినాల్లో రెండు చేతి తుపాకులు కొంటే దుకాణదారు ప్రభుత్వానికి తెలియజేయాలి గానీ, రైఫిళ్లకు అప్పట్లో ఆ నియమం లేదు. సరిహద్దులోని నాలుగు రాష్ట్రాల్లో కొన్ని రకాల రైఫిళ్లకు దాన్ని వర్తింపజేసింది 2011లో, అదీ ఈ గొడవంతా అయ్యాక. కొనేవాడు 4473 అనే ఫారం నింపి, తుపాకీ తన కోసమేనని సంతకం పెట్టాలి. వేరేవాడి డబ్బుతో వాడి కోసం కొంటూ ఆ సంతకం పెడితే నేరం. మన భాషలో బినామీ కొనుగోలు. తుపాకుల అక్రమ రవాణా అనే పేరుతో విడిగా ఒక కేంద్ర నేరం వాళ్ల చట్టంలోకి 2022 దాకా రానేలేదు. మనకు 2019 ఆయుధ చట్ట సవరణతో దానికి పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష ఉంది.

అంటే ఆ అధికారుల చేతిలో ఉన్న ఆయుధం ఒక అబద్ధపు సంతకం మాత్రమే. దాని మీద కేసు పెడితే కోర్టులో నిలబడదని, ఇంకా గట్టి ఆధారం కావాలని ప్రాసిక్యూషన్ వైపు వాళ్లు అంటూ వచ్చారు. చిన్న చేపలను పట్టి సంబరపడవద్దు, ముఠా మొత్తాన్ని చూడండి అని పైనుంచి కూడా వ్యూహం మారింది. ఈ రెండూ కలిసి ఒక ఆలోచన పుట్టించాయి. కొననిద్దాం, పోనిద్దాం, ఎవరి దగ్గరికి చేరుతాయో చూద్దాం, ఆఖర్న అందరినీ ఒకేసారి కట్టేద్దాం. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూడండి. మన మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, నేనే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

తర్వాత జరిగింది ఇది. కొనుగోళ్లు సాగిపోయాయి. దుకాణాలు కబురు పంపుతూనే ఉన్నాయి. అధికారులు నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తూనే ఉన్నారు. కొన్నిసార్లు దుకాణం బయట కాపలా కాసి, బండి వెనక కొంత దూరం వెళ్లి, ఒక ఇల్లో గోదామో రాగానే వెనక్కి వచ్చేశారు. ఏడాదికి పైగా నడిచిన ఈ ఆపరేషన్లో దాదాపు 2,000 తుపాకులు చేతులు మారాయి. వాటి విలువ 15 లక్షల డాలర్ల వరకూ ఉంటుంది. దర్యాప్తు నడుస్తుండగా అధికారులు పట్టుకున్నవి వాటిలో సుమారు వంద. ఒక్క మనిషే 700 పైగా కొన్నాడు. అతను ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార సాయం తీసుకుంటున్నవాడు. డబ్బు ఎవరిదని అడగడానికి అంతకంటే ఏం కావాలి?

ఫీనిక్స్ నుంచి నొగాలెస్ సరిహద్దు దాదాపు 290 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఏలూరు వెళ్లినంత దూరం. అంత దారిలో ఎక్కడైనా ఆపవచ్చు. ఆపలేదు. సరిహద్దు దాటాక వెంబడించే వాళ్లు అసలే లేరు, ఎందుకంటే మెక్సికో ప్రభుత్వానికి ఈ సంగతి చెప్పలేదు. మెక్సికోలో పనిచేస్తున్న తమ సంస్థ అధికారులకు కూడా పూర్తి వివరం ఇవ్వలేదు. అవతలి ఒడ్డున మనిషిని పెట్టకుండా ఏట్లోకి వల విసిరారు. ఇక మిగిలిన మార్గం ఒకటే. మెక్సికోలో ఎక్కడో నేరం జరిగి, అక్కడ తుపాకీ దొరికి, దాని నంబరు వీళ్ల జాబితాతో సరిపోవాలి. అంటే ఆధారం రావాలంటే ముందు ఎవరో ఒకరి నెత్తురు పడాలి. ఈ వాక్యం దగ్గర క్లాసులో కాసేపు ఆగుతాను.

వద్దని చెప్పినవాళ్లు లేకపోలేదు. ఆ విభాగంలోనే కింది స్థాయి ఏజెంట్లు కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2010 జూన్‌లో ఒక దుకాణదారు అధికారికి ఈమెయిల్ రాశాడు. దక్షిణ అరిజోనాలో సరిహద్దు గస్తీలో తన స్నేహితులున్నారని, తాను అమ్మిన తుపాకులు వాళ్ల మీదికి రాకూడదని ఆయన భయం. ఆరు నెలల తర్వాత జరిగింది అచ్చంగా అదే.

2010 డిసెంబర్ 14 రాత్రి, సరిహద్దుకు ఇవతల పెక్ క్యానియన్ అనే లోయలో గస్తీ దళానికి, స్మగ్లర్లను దోచుకునే ఒక ముఠాకు కాల్పులు జరిగాయి. దళం మొదట ప్రాణం తీయని బీన్‌బ్యాగ్ గుళ్లు పేల్చింది. అవతలి వైపు నుంచి రైఫిళ్లు పేలాయి. నలభై ఏళ్ల బ్రయాన్ టెర్రీ అనే ఏజెంట్ చనిపోయాడు. అక్కడ దొరికిన రెండు రైఫిళ్లు జనవరి 16న ఒక బినామీ కొన్న మూడింటిలోవి. ఆ బినామీ పేరు అంతకు ముందు ఏడాది నవంబర్ నుంచే అధికారుల జాబితాలో ఉంది. టెర్రీ ప్రాణం తీసిన గుండు వాటిలో దేని నుంచి వచ్చిందో పరీక్షల్లో తేలలేదు. ఆ బినామీని మాత్రం కొన్ని గంటల్లోనే అరెస్టు చేశారు. పదకొండు నెలలుగా చాలదన్న ఆధారం ఆ ఒక్క పూటలో సరిపోయింది.

2011 జనవరి 25న ఇరవై మంది మీద అభియోగాలు ప్రకటించారు. వాళ్లలో ఎక్కువమంది బినామీలే. ఇంతకాలం ఎవరి కోసం ఆగారో ఆ పై స్థాయి మనుషుల గురించిన సమాచారం మరో దర్యాప్తు సంస్థ దగ్గర అప్పటికే ఉందని తర్వాత బయటపడింది. పక్క ఆఫీసును అడిగి ఉంటే తెలిసే సంగతి.

ఆ తర్వాతి రాజకీయం పొడవైనది, నా పాఠానికి అంతా అక్కర్లేదు. ఒక ఏజెంట్ అక్కడి పార్లమెంటు ఎగువ సభ సభ్యుడైన సెనేటర్ గ్రాస్లీకి విషయం చెప్పాడు. అలాంటిదేమీ జరగలేదని న్యాయశాఖ 2011 ఫిబ్రవరి 4న సెనేటర్‌కు ఉత్తరం రాసింది. అదే సంవత్సరం డిసెంబర్ 2న ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. పత్రాలు ఇవ్వనందుకు 2012 జూన్ 28న అటార్నీ జనరల్, అంటే అక్కడి న్యాయశాఖ మంత్రి, ఎరిక్ హోల్డర్‌ను ప్రతినిధుల సభ ధిక్కార దోషిగా తీర్మానించింది. పదవిలో ఉన్న మంత్రికి అలా జరగడం అదే మొదటిసారి. సెప్టెంబర్‌లో న్యాయశాఖ అంతర్గత తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ 471 పేజీల నివేదిక ఇచ్చి, పద్నాలుగు మంది అధికారుల మీద చర్య పరిశీలించమన్నారు. ఇదే రాష్ట్రంలోని టూసన్‌లో 2006, 2007లో వైడ్ రిసీవర్ అనే ఆపరేషన్ జరిగింది. అప్పుడూ 400 పైగా తుపాకులు ఇలాగే జారిపోయాయి. ఆ పాత దెబ్బ నుంచి ఎవరూ నేర్చుకోలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక నా కేసు.

చింతపల్లి వైపు నుంచి గంజాయి దిగుతోందని ఇన్ఫార్మర్ చెప్పాడు. లారీ నంబరు ఇచ్చాడు. పైన పనసకాయలు, కింద 240 కిలోల సరుకు. సరుకు అందుకునే రిసీవర్ గాజువాక ఆటోనగర్‌లో ఒక గోదాము దగ్గర ఉంటాడన్నాడు. ఆ రిసీవర్ కోసం మేం ఏడాదిగా తిరుగుతున్నాం. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 50ఎ సెక్షన్ కింద కంట్రోల్డ్ డెలివరీకి అనుమతి తెచ్చుకున్నాం. ఆ కాగితం అర పేజీ ఉంటుంది. ఎప్పుడు బయలుదేరాలో, ఎవరు లీడరో ఉంది. ఎప్పుడు ఆపాలో లేదు. నేనూ అడగలేదు.

నర్సీపట్నంలో లారీ మా కంటపడింది. మావి రెండు జీపులు, ఒక బైకు. తాళ్లపాలెం దగ్గర టీ కోసం డ్రైవర్ లారీ ఆపాడు. మాతో ఉన్న హెడ్ కానిస్టేబుల్ నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఆ దారిలోని ప్రతి మలుపూ తెలిసినవాడు. దగ్గరికొచ్చి మెల్లగా, "సార్, ఇక్కడే పట్టేద్దాం. లంకెలపాలెంలో ఈ టైముకి ఫార్మా సిటీ షిఫ్ట్ బస్సులు ఉంటాయి, లారీలు ఉంటాయి. చూపు ఆనదు" అన్నాడు. "రిసీవర్ దాకా వెళ్దాం. నేనున్నాను కదా" అన్నాను. ఆయన ఇంకోమాట అనలేదు. అనడానికి నేను చోటివ్వలేదు.

లంకెలపాలెం జంక్షన్లో సరిగ్గా ఆయన చెప్పినట్టే అయింది. మా ముందు జీపుకూ లారీకీ మధ్య రెండు బస్సులు, ఒక ట్యాంకరు దూరాయి. బైకు మీదున్న కుర్రాడు గాజువాక వైపు వెళ్తున్న ఇంకో లారీని మనదే అనుకుని దాని వెంట పోయాడు. పది నిమిషాల తర్వాత గానీ మాకు తెలియలేదు. లారీ పరవాడ రోడ్డు పట్టింది. రెండో రోజు అచ్యుతాపురం దగ్గర రోడ్డు పక్కన దొరికింది. పనసకాయలు సగం అలాగే ఉన్నాయి. కింద ఖాళీ.

గంజాయి ప్యాకెట్లకు చుట్టిన గోధుమరంగు టేపు మీద నీలం స్కెచ్ పెన్నుతో అంకెలు వేసి ఉంటాయని ఇన్ఫార్మర్ ముందే చెప్పాడు. మూడు నెలల తర్వాత గాజువాకలో ఇంటర్ చదివే కుర్రాడి బ్యాగులో చిన్న ముక్క దొరికింది. పైన అదే టేపు, నీలం అంకె సగం. మా సరుకే అని నిరూపించలేను. కాదనీ చెప్పలేను. స్టేషన్ వరండాలో ఆ అబ్బాయి తల్లి నా కాళ్లు పట్టుకోబోతూ, "బాబూ, మా వాడికి ఇది ఎవులిచ్చారో చెప్పండి" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పానో గుర్తు లేదు.

అరిజోనా నివేదిక గురించి చదివినప్పుడు నాకు తట్టిన మొదటి సంగతి మన చట్టంలోని ఒక చిన్న మాట. కంట్రోల్డ్ డెలివరీ అంటే అధికారికి తెలిసి, అధికారి పర్యవేక్షణలో సరుకును కదలనివ్వడం అని ఎన్‌డీపీఎస్ చట్టం 2001 సవరణలో నిర్వచనం రాశారు. తెలియడం ఒకటి, పర్యవేక్షణ ఇంకొకటి. రెండూ ఉండాలి. సరుకు విదేశానికి పోతుంటే అక్కడి అధికారులతో సంప్రదించాలని కూడా 50ఎ సెక్షన్ చెబుతుంది. ఫీనిక్స్ అధికారులకు తెలియడం ఉంది. ఏ తుపాకీ, ఏ నంబరు, ఏ రోజు, ఎవరు కొన్నారు, అన్నీ తెలుసు. తెలిసిన ఆ సమాచారమే తమ కాపలా అనుకున్నారు. తాళ్లపాలెం నుంచి నేనూ అదే అనుకున్నాను. లారీ నంబరు జేబులో ఉంది కాబట్టి లారీ నా చేతిలో ఉందనుకున్నాను.

రెండో సంగతి సరుకు స్వభావం. ఏ సరుకును వెంబడించవచ్చు, దేన్ని వెంబడించకూడదు అన్నది ప్లాను వేసేటప్పుడే తేల్చుకోవాలి. గంజాయి తప్పిపోతే నష్టం ఘోరం, కానీ కొన్ని నెలల్లో అది కాలిపోతుంది. తుపాకీ అరిగిపోదు. నూనె వేసి దాచుకుంటే మనవడి చేతికి వచ్చేసరికి కూడా పేలుతుంది. 2016 జనవరిలో మెక్సికోలో డ్రగ్స్ ముఠా నాయకుడు ఎల్ చాపో గుస్మాన్ దాక్కున్న ఇంట్లో దొరికిన ఆయుధాల్లో ఒక .50 క్యాలిబర్ రైఫిల్ ఈ ఆపరేషన్లో జారిపోయిందే. అభియోగాలు ప్రకటించి దాదాపు ఐదేళ్లయ్యాక కూడా ఆ సరుకు తిరుగుతూనే ఉంది. అందుకే తుపాకుల విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను. పేలే తుపాకీని వదలకూడదు. వెంబడించి తీరాలంటే ముందు దాన్ని పేలకుండా చేయాలి. అది కుదరకపోతే కొన్నవాణ్ని దుకాణం మెట్ల మీదే పట్టుకోవాలి, పైవాడు తప్పించుకుపోయినా సరే. ఇందులో నాతో ఏకీభవించని సీనియర్లున్నారు. వాళ్ల వాదన విన్నాను, నా మనసు మారలేదు.

అరిజోనా అధికారుల పట్ల న్యాయంగా కూడా మాట్లాడాలి. వాళ్లు లంచం తిని తుపాకులు వదల్లేదు. ఒక బినామీని పట్టుకుంటే రేపు ఇంకొకడు వస్తాడు, ఆ మాట నిజం. ప్రాసిక్యూటర్ కేసు నిలబడదంటే దర్యాప్తు అధికారికి ఎంత నిస్సహాయంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ కేసు నిలబడదని అరెస్టు ఆపేయడం వేరు, సరుకును ఆపకపోవడం వేరు. బినామీని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడినా, ఇంటికి వెళ్లి తలుపు కొట్టినా, ఆ 700 ఎక్కడో ఒకచోట ఆగేవి. ముఠా అలర్ట్ అవుతుందనే భయంతో ఆ చిన్న పని కూడా చేయలేదు.

మూడోది, నా దృష్టిలో అసలైనది, ఆపే అధికారం ఎవరికుందన్నది. అరిజోనాలో ప్రమాదాన్ని ముందు చూసింది కౌంటర్ వెనక నిలబడ్డ దుకాణదారు, రోడ్డు మీదున్న ఏజెంటు. తాళ్లపాలెంలో చూసింది హెడ్ కానిస్టేబుల్. ఆ ముగ్గురిలో ఎవరికీ ఆపే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లకు సరుకు కనబడటం లేదు.

లారీ పోయిన రెండేళ్లకు ఇంకో సమాచారం వచ్చింది. ఈసారి అరకు వైపు నుంచి, ఆనందపురం మీదుగా. అనుమతి కాగితంతో పాటు నేనే ఇంకో పేజీ రాసి జతచేశాను. బండి రెండు నిమిషాలకు మించి కంటికి కనబడకపోతే, మళ్లీ కనబడిన చోటే సీజ్ చేయాలి. వెంబడించే మూడు బండ్లలో ఒకటి ఆగిపోయినా అక్కడే సీజ్. ఈ నిర్ణయం ముందు బండిలో ఉన్నవాడిది, వాడి ర్యాంకు ఏదైనా సరే, కారణం తర్వాత అడగాలి. ఆ పేజీ మీద పై అధికారి సంతకం పెట్టడానికి రెండు రోజులు పట్టింది. "కానిస్టేబుల్ ఆపమంటే డీఎస్పీ ఆగాలా?" అని అడిగారు. ఆగాలి అన్నాను.

ముందు బండిలో ఆ పాత హెడ్ కానిస్టేబులే ఉన్నాడు. అప్పటికి రిటైర్మెంటుకు ఐదు నెలలుంది. ఆనందపురం దాటాక రెండో జీపు టైరు పేలింది. వైర్‌లెస్‌లో ఆయన గొంతు వినిపించింది. "సార్, ఆపేస్తున్నాను." అంతే. నన్ను అడగలేదు. నా నోటి చివరిదాకా "ఇంకొంచెం వెళ్దాం" అన్న మాట వచ్చింది. మైకు బటన్ మీద వేలుంది. నొక్కలేదు.

మధ్యవర్తులను పిలిపించి అక్కడే పంచనామా రాశాం. 118 కిలోలు. డ్రైవరు, క్లీనరు దొరికారు. రిసీవర్ దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. మర్నాడు పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. రివ్యూ మీటింగులో రిసీవర్ సంగతి అడిగారు. దొరకలేదని రాసిచ్చాను. ఎందుకు ఆపారన్న గడిలో టైరు పేలిన సమయం, కిలోమీటరు రాయి నంబరు, ఆపమన్న హెడ్ కానిస్టేబుల్ నంబరు రాసి, దాని కింద నా సంతకం పెట్టాను.